ఛైర్మన్ గారి అట్టముక్క

టోల్‌గేటు దగ్గర కీచుమని చిన్న మోత, వెంటనే అడ్డకర్ర పైకి లేస్తుంది. బస్సులో పిల్లలు కబుర్లయినా ఆపరు. నాకు మాత్రం ఆ మోత వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, మణెమ్మ మేడం గుర్తొస్తుంది. వనపర్తిలో మా ప్రైవేటు కాలేజీ బస్సులన్నీ ఆమె చేతికింద నడిచేవి. నేను ఆమె దగ్గర గుమాస్తాగా చేరాను.

ఫాస్టాగ్ తప్పనిసరి చేసిన కొత్తలో, ప్రతి బస్సుకూ వేరే స్టిక్కరు తీసుకుని అద్దానికి అతికించాలని మేడం చెప్పింది. ఛైర్మన్ గారు తన కారు స్టిక్కరును అతికించకుండా ఒక అట్టముక్కకు పిన్ను కొట్టించి ఇచ్చాడు. ఏ బస్సు హైవే ఎక్కితే ఆ డ్రైవరు దాన్ని అద్దానికి ఆనించి పట్టుకోవాలట. కాలేజీ గోడ మీద నీతివాక్యాలు రాయించిన పెద్దమనిషి తెలివి అది.

"గిది కారుది సార్. బస్సుకు నడ్వది. ఎప్పుడన్న ఆపుతరు" అంది మేడం.

"ఆపినప్పుడు చూద్దాం లేమ్మా."

ఆపారు. ప్రవేశ పరీక్షకు ఆడపిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్తున్న బస్సునే ఆపారు. అట్టముక్క చెల్లదని, రెండింతలు కట్టమని అన్నారు. దారిలో ఏం జరిగినా ముందు తననే అడగాలని ఛైర్మన్ గారి హుకుం. డ్రైవరు కుర్మయ్య ఫోను చేస్తూనే ఉన్నాడు, ఆయన ఎత్తలేదు. చివరకు పిల్లలే తలా కొంత వేసుకుని కట్టారు. వాళ్లు చేరేసరికి పరీక్ష హాలు గేటు మూసేశారు. కోడేరు, లింగాల ఊళ్లలో కూలి చేసి చదివించుకుంటున్న వాళ్ల పిల్లలు అక్కడే కూర్చుని ఏడ్చారట.

మరునాడు తల్లిదండ్రులు కాలేజీకి వచ్చారు. ఛైర్మన్ గారు నదురూ బెదురూ లేకుండా తప్పంతా డ్రైవరు మీదికి నెట్టేశాడు. కుర్మయ్యను పనిలోంచి తీసేస్తున్నట్టు కాగితం రాయించి సంతకానికి మేడం ముందుకు తోశాడు. చేయని తప్పుకు కుర్మయ్య చేతులు కట్టుకుని "తప్పయింది సార్" అంటున్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

మేడం కాగితం పక్కకు జరిపింది. "కుర్మయ్యా, నువ్వు జర ఊకో. సార్, గా అట్టముక్క మీరే ఇచ్చిండ్రు. నేను వద్దన్న. గీ అమ్మానాయినలకు గా ముచ్చట మీరు జెప్తరా, నన్ను జెప్పమంటరా?"

"ఏం అట్టముక్క మేడం?" అని ఒక తండ్రి లేచాడు. ఆమె గొంతు పెంచకుండా అంతా చెప్పింది.

కుర్మయ్య కొలువు నిలిచింది. బస్సులన్నిటికీ స్టిక్కర్లు వచ్చాయి. మేడాన్ని మాత్రం నెల తిరక్కుండానే ఖర్చు తగ్గింపు అంటూ పంపేశారు. ఇన్నేళ్లు చాకిరీ చేసిన మనిషికి పోయేరోజు ఒక చాయ్ ఇచ్చిన దిక్కు లేదు. బస్టాండు దాకా నేనే వెళ్లాను.

"ఊరుకుంటే పోయేది కదా మేడం" అన్నాను.

"ఊకుంటే కుర్మయ్య పోతుండె బిడ్డా. నాకు ఇంకోకాడ పని దొరుకుతది. గాయన మీద నింద వడ్డంక బండి ఎవరిస్తరు?"

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. పోయిన నెల కొత్త మేనేజరు మరో డ్రైవరు మీద తప్పు మోపి, తీసేస్తున్నట్టు కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. ఆ డ్రైవరును గదిలోకి కూడా పిలవలేదు. అతన్ని పిలిపించి ఆ మాట అతని ముందే అనమన్నాను. మేడం లాగా నిబ్బరంగా చెప్పలేకపోయాను. సంతకం మాత్రం పెట్టలేదు.