ఆదివారం ఫోర్‌మన్

వారంలో ఆరు రోజులు మాస్టారు చీమకైనా హాని తలపెట్టడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం టైలరు దుకాణం పైన ఉన్న అద్దెగదిలో జనాన్ని చితక్కొడతాడు. విచిత్రమేమిటంటే, వచ్చేవాళ్ళు కొట్టించుకోవడానికే వస్తారు.

వాళ్ళంతా రేడియేషన్ రక్షణ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు. ఆస్పత్రుల నుంచి, కర్మాగారాల నుంచి ఓ పాతికమంది ఉంటారు. ఎవరికి కష్టమొచ్చినా ఒక్క ఫోనుకి మిగతావాళ్ళు పరిగెత్తుకు రావాలని మాట అనుకున్నారు. లెక్కలూ కొలతలూ చదువులోనే నేర్చుకొచ్చారు. మాస్టారు నేర్పేది ఒక్కటే: ప్రమాదం కనబడితే, మీదపడి కొడుతున్నవాడి మొహం మీద "పని ఆపండి" అనడం. అందుకోసం తానే పని తొందరపెట్టే ఫోర్‌మన్ అవుతాడు. కాలర్ పట్టుకుని గోడకేసి గుద్దుతాడు, అమ్మనాబూతులు తిడతాడు.

"ఇంట్లో ఉప్పు అడగడానికి కూడా మొహమాటపడే మనిషి. ఆ మెట్లెక్కితే ఏం పూనుతుందో!" అని ఆయన భార్య టైలరుకి సంజాయిషీ చెప్పుకుంటుంది.

మాస్టారి కుడిచేతికి మూడే వేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆయనా కొత్త ఉద్యోగే. ఇనపగొట్టాల అతుకుల్లో పగుళ్ళున్నాయేమో రేడియేషన్‌తో ఫొటో తీసి చూసేచోట ఎవరికీ అది సోకకుండా కాపలా. ఓ రోజు ఆ రేడియేషన్ చిమ్మే, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదైన గుళిక సీసపు డబ్బాలోకి వెళ్ళకుండా తీగ నుంచి ఊడి నేలమీద పడింది. చేతిలో రేడియేషన్ కొలిచే మీటరు ముల్లు చివరికి వెళ్ళి కొట్టుకుంటోంది. ఇంతలో ఫోర్‌మన్ వచ్చి స్పానరుతో భుజం మీద ఒకటిచ్చాడు, నడుం మీద ఇంకొకటి.

"తీసి డబ్బాలో పడెయ్యరా వెధవా! నీ మీటరు కోసం నా గొట్టాలు ఆగాలా?"

మూడో దెబ్బకి రెండు పళ్ళు రాలాయి. నోట్లోంచి "సార్" అన్న మాట తప్ప ఇంకేం రాలేదు. అన్నీ తెలిసినవాడు, వంగి, ఆ గుళికను చేత్తో తీశాడు! నెల తిరిగేసరికి వేళ్ళు నల్లబడ్డాయి. డాక్టరు రెండు కోసేశాడు. పుండు మానింది గానీ సిగ్గు మానలేదు.

అందుకే గదిలో ఆయన తిట్టేవి సొంత తిట్లు కావు. ఆ ఫోర్‌మన్‌వే, పొల్లు పోకుండా.

మొన్న వేసవిలో చేరిన ఒకమ్మాయిని అందరూ పిట్ట అంటారు. మొదటి ఆదివారం కాలర్ పట్టగానే బావురుమంది. ఎనిమిదో ఆదివారం గోడకి అతుక్కుపోయి కూడా "పని ఆపండి" అనేసింది.

ఆ వారంలోనే ఆమె పనిచేసే వర్క్‌షాపులో గుళిక దాన్ని నడిపే గొట్టంలో ఇరుక్కుపోయి తిరిగి డబ్బాలోకి రానంది. పిట్ట అందరినీ బయటికి తోలి, చుట్టూ తాడు కట్టి, నిపుణులకీ తోటిపిల్లలకీ ఫోను చేసి, అడ్డంగా నిలబడింది. అక్కడి ఫోర్‌మన్ ఇనపరాడ్డుతో వచ్చాడు. మొదటి దెబ్బకి ముంజేయి ఫట్‌మని విరిగింది. రెండోది నెత్తిన పడి కళ్ళలోకి నెత్తురు కారింది.

"పని ఆపండి" అంది.

మూడోది వీపు మీద. మళ్ళీ అదే మాట అంది. ఈలోగా పక్క కర్మాగారాల నుంచి నలుగురు పిల్లలు రొప్పుతూ వచ్చి ఆమెకి అటూ ఇటూ నిలబడ్డారు. వాళ్ళకీ తలా రెండు పడ్డాయి. గుళికను డబ్బాలోకి చేర్చే నిపుణులు వచ్చేదాకా ఒక్కరినీ తాడు దాటనివ్వలేదు.

మాస్టారు ఆస్పత్రికి వెళ్ళి మంచం పక్కన కూలబడ్డాడు. "నేనే నిన్ను కొట్టించానమ్మా."

"అదేం లేదు మాస్టారూ. మీ దగ్గర అలవాటైపోయింది, అంతే." ఆయన మూడువేళ్ళ చేతికేసి చూసి అడిగింది. "మీరు ఎప్పుడైనా అన్నారా ఆ మాట?"

ఆయన లేచి వచ్చేశాడు.

రెండు వారాల తర్వాత ఆదివారం పిట్ట చేతికి కట్టుతోనే మెట్లెక్కింది. తిన్నగా వచ్చి, బాగున్న చేత్తో మాస్టారి కాలర్ పట్టుకుంది.

"ఇవాళ ఫోర్‌మన్ నేను. తీసి డబ్బాలో పడెయ్యరా వెధవా!"

గదిలో అందరూ కొయ్యబారిపోయారు. మాస్టారు వంగబోయాడు. "సార్..." అన్నాడు. పిట్ట ఆయన్ని గోడకేసి కొట్టింది. ఆ పిల్ల కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పట్టు మాత్రం వదల్లేదు.

"నీ మీటరు కోసం నా గొట్టాలు ఆగాలా?"

"పని... ఆపండి."

"వినపడలేదు మాస్టారూ."

మూడువేళ్ళ చేతి పిడికిలి బిగిసింది. ఆయన అరిచిన అరుపుకి కింద టైలరు మిషను ఆగిపోయింది.