చెంగమ్మ చూపు, మూడు గంటల బస్సు

నేను కంటి డాక్టరును కాను. కంటికీ డాక్టరుకూ మధ్య నిలబడి, చూపు కొలిచి అద్దాల నంబరు రాసే ఉద్యోగిని. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో, పులికాటు సరస్సు ఒడ్డున ఒక పల్లె బడి నుంచి పిల్లల కళ్ళు చూడమని మా ఆసుపత్రికి ఉత్తరం వచ్చింది. డాక్టరుగారికి తీరిక లేక నేను బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు నెల్లూరులో ప్యాసింజరు ఎక్కాను. ఒళ్ళో అద్దాల పెట్టె. ఎదుటి బెంచీ మీద చింతపండు బుట్టతో కూర్చున్న అవ్వ, "అది హార్మోనీ పెట్టా సామీ?" అంది. కళ్ళద్దాలని చెప్పాను.

"పాడను రాదని చెప్పొచ్చు గదా," అంది.

సూళ్ళూరుపేటలో దిగి, ఇడ్లీ తిని, బస్సులో పదకొండింటికి పల్లె చేరాను. బడి గోడకు పటం తగిలించాం. అక్షరాలు రానివాళ్ళకు కూడా పనికొచ్చే పటం అది. మూడు కాళ్ళ గుర్తులుంటాయి. కాళ్ళు ఎటుంటే పిల్లలు చెయ్యి అటు చూపాలి. పైన పెద్ద గుర్తు, కిందికి పోయేకొద్దీ చిన్నవి.

వరుసలో చిట్టచివర చెంగమ్మ, తొమ్మిదేళ్ళ పిల్ల. బోర్డు మీది లెక్కలు ఎప్పుడూ తప్పు దించుకుంటుందట. తండ్రి పోలయ్య వేట మానుకొని వచ్చి కూర్చున్నాడు.

"కళ్ళ దోసమైతే చదివిస్తా సార్. బుర్ర దోసమైతే ఈ పొద్దే రొయ్యలు ఎండబెట్టను పోతాది."

చెంగమ్మ ఒక్కటీ తప్పలేదు. కళ్ళు దివ్యంగా ఉన్నాయన్నాను. పోలయ్య కూతురి పలక తీసి మాస్టారి బల్ల మీద పెట్టేశాడు.

మాస్టారింట్లో చేపల పులుసు నా పనితనానికి మించి ఉంది. మూడింటి బస్సు కనబడుతుండగా ఆయన పటం చుట్ట అందించాడు. "చెంగమ్మకు ముందర గాలికి పడిపోతే నేనే మళ్ళా తగిలించినా సార్."

విప్పి చూశాను. కొత్త మేకు రంధ్రం పటం అడుగు అంచున ఉంది. తలకిందులుగా తగిలించాడన్న మాట. నిజంగా చూసి ఉంటే చెంగమ్మ చెయ్యి ప్రతిసారీ ఎదురు వైపుకు పోవాల్సింది. ముందున్నవాళ్ళ చేతులు చూసి చూసి చెంగమ్మకు వరుస కంఠతా వచ్చేసింది. నాకూ వచ్చేసింది కనుక నేను గోడ వైపు తిరగలేదు.

బస్సు వచ్చింది, పోయింది. నేను వెనక్కి నడిచాను.

చెంగమ్మ అప్పుడే ఒడ్డున తల్లి పక్కన రొయ్యలు పరుస్తోంది. అద్దాలు మార్చి మార్చి చూసే పరీక్ష ఫ్రేము పిల్ల ముక్కుకు తగిలించాను.

"ఇందాక చూసి బాగుండాయంటిరే?" అన్నాడు పోలయ్య.

"ఇందాక నేను చూడలేదు," అన్నాను.

నాలుగో జత అద్దాలకు చెంగమ్మ నోరు తెరిచింది. దూరంగా నీళ్ళలో కట్టేసిన పడవ మీద తెరచాప ఆరుతోంది.

"అమ్మా! నిన్నట్నుంచి ఎతుకుతుండావే ఎర్రచీర, నాయన తెరచాపకు అతుకేసినాడు!"

పోలయ్య తల గోక్కున్నాడు. "కళ్ళ దోసమే సార్. బుర్ర బాగానే ఉండాది." పలక తెస్తానని బడి వైపు పరుగెత్తాడు.

తల్లి కళ్ళు చికిలించి, "యాడే? ఏ పడవే?" అంది. ఫ్రేము ఆమెకూ పెట్టాను.

ఆరింటి బస్సులో తిరుగు ప్రయాణం, జేబులో రెండు నంబర్లు. వారం తిరక్కముందే మళ్ళీ వెళ్ళి, మిగతా పిల్లలను బయట నిలబెట్టి ఒక్కొక్కరినే పిలిచి చూశాను. ఆ పల్లె నుంచి తిరిగి రావడానికి మూడింటి బస్సు అనుకూలమంటారు. ఊరు కనబడాలంటే ఆరింటిదే మేలు.