రెండో బొంత

అకులీనాకు భయమంటే తెలియదని నదికి ఇవతల ఊరంతా చెప్పుకునేది. చలికాలమంతా గడ్డకట్టిన లేనా నది మీదుగా జనాన్ని అవతలి ఒడ్డున ఉన్న యాకూత్స్క్‌కు చేరవేసే టాక్సీ ఆమెది. ముప్పై ఏళ్ల అనుభవం, ఊరికంతటికీ వినిపించే నోరు. నిజానికి ఆమెకూ ఒక భయం ఉంది. ఆగిపోయిన ఇంజను. పదకొండేళ్ల కిందట దారిలో బండి ఆగిపోయి, మొగుడు సీట్లోనే చలికి బిగుసుకుపోయి చనిపోయాడు.

ఆ ఉదయం సున్నాకు దిగువన యాభై డిగ్రీలు. కూతురు తుయారాకు పది రోజుల ముందే నొప్పులు మొదలయ్యాయి. అవతలి ఒడ్డు నుంచి అంబులెన్స్ రావాలంటే గంటన్నర పడుతుందన్నారు. అకులీనా కిటికీలోంచి బండిని స్టార్ట్ చేసే రిమోట్ నొక్కింది. బండి నాలుగుసార్లు కీచుమని ఊరుకుంది.

రాత్రంతా రెండు గంటలకోసారి దానంతట అదే స్టార్టయి వేడెక్కే బండి. ఐదింటి తర్వాత దాని చప్పుడే వినలేదని అప్పుడు తట్టింది. ఇంకో అరగంట గడిస్తే నూనె ముద్దకట్టి ఇంజను కదలదు. రిమోట్‌ను చంకలో పెట్టి వెచ్చబెట్టింది. బ్యాటరీ మార్చింది. మళ్లీ నాలుగుసార్లే కీచుమంది.

"పనికిమాలినదానా! నిన్ను మంచులో పాతేస్తా!" అంటూ ఇంకోసారి నొక్కింది.

"తిట్లు తర్వాతమ్మా..." అంటూనే తుయారా గోడ పట్టుకుని వంగిపోయింది.

అకులీనా బయటికి పరుగెత్తింది. బండెక్కి తాళంచెవి తిప్పబోతుండగా ఇంటి తలుపు తెరుచుకుంది.

"తిప్పకే అమ్మా! నాలుగుసార్లు కీచుమందంటే బానెట్ సరిగ్గా పడలేదని! ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

దిగి బానెట్ ఎత్తింది. ఇంజను మీద బొంత కప్పడం అక్కడ అందరూ చేసేదే. తెల్లవారుజామున చలి ముదిరిందని, నిండు చూలాలు ఇంట్లో ఉందని, ఆమె ఇంకో బొంత కూడా కుక్కింది. దాని అంచు గొళ్లెంలో ఇరుక్కుంది. మిగతాదంతా జారి ఇంజను పక్కన కాలే పొగగొట్టం మీద పడి ఉంది. బానెట్ పడకపోతే రిమోట్ ఒప్పుకోదు గానీ తాళంచెవికి ఆ అడ్డు లేదు. తిప్పి ఉంటే నది నడుమకు వెళ్లేసరికి అంటుకునేది, కూతురు వెనకసీట్లో ఉండగా.

రెండు బొంతలూ లాగి పారేసి, బానెట్ వేసి రిమోట్ నొక్కింది. బండి రెండుసార్లు దగ్గి అందుకుంది. అకులీనా మాత్రం కదల్లేదు.

"నా వల్ల కాదే. చేతులు ఆగట్లేదు. చేజేతులా నిన్ను తగలబెట్టేదాన్ని."

"ఏడుపు ఆసుపత్రిలో ఏడుద్దువు గానీ, ఎక్కు. నేను నడుపుతా. నొప్పొచ్చినప్పుడు చెప్తా, స్టీరింగ్ నువ్వు పట్టుకో."

నది మీదికి దిగీ దిగగానే తుయారా "ఇప్పుడు!" అని అరిచింది. అకులీనా పక్కసీట్లోంచి వంగి రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుంది. చేతులు వణుకుతూనే ఉన్నాయి, బండి మాత్రం దారి తప్పలేదు.