పెంటప్ప నేర్చిన చీనా పేరు

షోలాపూర్‌లో నాకు తెలియని విద్య లేదు. చెప్పడానికి వాళ్లకింకేమీ మిగల్లేదని ఏడో తరగతిలోనే బడి వాళ్లను వదిలేసి వచ్చాను. నా స్నేహితుడు పెంటప్ప అలా కాదు, నెమ్మదస్తుడు. మా తెలుగు నేతగాళ్ల దాజీ పేట్‌లో జకార్డు మగ్గాలకు బొమ్మల నక్షాలు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ చద్దరుకు నెమలిని గీశాడంటే, వాన పడ్డప్పుడు అది పురి విప్పిందని నేను కుంఠా నాకా దాకా చెప్పుకొచ్చేవాణ్ణి.

1989లో అతనికి పన్ను నొప్పి వస్తే చీనా డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. మా పేటల పళ్లన్నీ పీకిన ముసలాయన. ఆయనకు వచ్చిన తెలుగంతా మా తెరిచిన నోళ్లలోంచి నేర్చుకున్నదే. ఆ ఏడే ఆయన భార్య పోయింది. ఆ తర్వాత పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. భార్య సమాధి మీద ఇంకా పేరు లేదు. ఊరి మొత్తం మీద చీనా అక్షరాలు రాయగలిగిన చెయ్యి అదొక్కటే.

"మా పెంటన్న రాస్తడు డాక్టర్ సాబ్. చీనా గోడనైనా చద్దరు మీదికి దించుతడు" అన్నాను.

"నీ నోట్ల మన్ను వడ! నేనెప్పుడన్నరా?" అని పెంటప్ప వాచిన దవడతోనే తిట్టాడు.

డాక్టరు ఒక పాత ఫోటో వెనక చూపించాడు. పెళ్లినాడు ఆమె తండ్రి రాసిన పేరు, రెండే అక్షరాలు. పెంటప్ప దాన్ని గళ్ల కాగితం మీద వెంట్రుక వాసి తేడా లేకుండా దించి తెచ్చాడు. డాక్టరు దాన్ని ఎడమచేత్తో వెలుతురుకు ఎత్తి చూశాడు.

"నేసినవ్. రాయలే" అన్నాడు.

కుంచె ఇచ్చి తన ఎదుటే రాయమన్నాడు. మొదటి అక్షరం నాలుగు గళ్ల చౌకడి, మా చద్దరు మీది గడిలాంటిదే. పెంటప్ప అడుగు గీతతో మొదలుపెట్టాడు. మగ్గం మీద గుడ్డ అడుగు పోగు నుంచే పెరుగుతుంది కాబట్టి నక్షా కూడా కిందివరస నుంచే నింపుతారు. అతని చేతికి తెలిసిన దారి అదే. కానీ ఈ అక్షరానికి ముందు పక్కా పైనా, తర్వాత లోపలి గీతలు, అడుగు గీత అన్నిటికన్నా చివర.

"ఏందయ్యా, తల్కాయ లేకముందే కాళ్లు పెడ్తవా?"

"మా మగ్గం మీద అందరు కాళ్లకెల్లే పుడ్తరు డాక్టర్ సాబ్."

భార్య పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వి, "గీత ఏడికెల్లి షురూ అయిందో సిరాకు ఎరుకుంటది. నేను పోకముందు ఆమె పేరు సక్కగ చూడాలె" అన్నాడు.

పెంటప్ప ఇంట్లో షాబాదు బండల మీద తడి కుంచెతో రాసేవాడు. ఆరితే మళ్లీ రాసేవాడు.

"నల్లా దినం తప్పి దినం వస్తది. నువ్వు బండలకు నీళ్లు తాపుతున్నవ్" అని భార్య అంజమ్మ సతాయించేది. చీనా సర్కారు పెంటప్ప కోసం విమానం పంపుతోందని నేను పేటంతా చాటాను.

చివరికి చెయ్యి అడుక్కు పరుగెత్తడం మానింది. పేరు కుదిరింది. "నడువ్ పెంటన్నా, చూపిద్దాం" అన్నాను.

"ఆగు. రెండో దాంట్ల ఒక గీత వణుకుతున్నది. రేపు పోదాం."

మర్నాడు వెళ్లేసరికి డాక్టరు ఇంటి ముందు జనం. నిద్రలోనే పోయాడు.

ఆయన్ని ఆమె పక్కనే పాతిపెట్టారు. ఇద్దరికీ కలిపి ఒకే రాయి. ఎడమ సగం మీద పెంటప్ప ఆమె పేరు కుంచెతో రాశాడు. పైనుంచి కిందికి, ఆయన నేర్పిన వరసలోనే. చూసి సరే అనగలవాడు ఊళ్లో ఎవడూ లేడు. నావైపు తిరిగాడు.

"సక్కగున్నదా?"

"చీనా వాళ్లే నిన్ను చూసి నేర్సుకోవాలె."

"నిజం చెప్పురా రాజారాం."

నేను పక్కకు జరిగి రాతిపనివాడికి చోటిచ్చాను. అతను ఆ గీతల మీద ఉలి నడిపించాడు. అది ముగించి, రెండో సగంలో ఏం చెక్కాలని అడిగాడు. డాక్టరు నేర్పింది ఆమె పేరొక్కటే. డాక్టరు పేరు ఎలా రాస్తారో పెంటప్ప అడగనే లేదు.

"దవాఖాన బోర్డు మీద ఇంగ్లీషుల ఉన్నది గదా. గదే చెక్కిపిద్దాం" అన్నాను.

పెంటప్ప ఆ ఖాళీ రాతిని అరచేత్తో తుడిచాడు.

"ఆమెకు ఇంగ్లీషు రాదురా. పక్కన పండుకున్నది ఎవరో ఆమెకెట్ల తెలుస్తది?"

రాతిపనివాడు ఉలి సంచిలో వేసుకున్నాడు.