ఎలీసబెతు గారి కార్ల పందెం

గుడివాడ బస్టాండు దగ్గర ఎలీసబెతు గారు చాలాకాలం టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. నేర్చుకునేవాళ్ళు తగ్గిపోవడంతో రెండువేల ఐదులో మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టారు. ఇంటర్నెట్ కోసం వచ్చేవాళ్ళకంటే గేములాడేవాళ్ళే ఎక్కువయ్యారు. ఓ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, ఏముందో చూద్దామని కార్ల పందెం ముందు కూర్చున్నారావిడ. ఇక లేవలేదు. యాభై దాటిన మనిషి, మలుపు వస్తే కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయేవారు. భర్త యాకోబు గారు అన్నానికి పిలవడానికొచ్చి, రేసయ్యేదాకా పక్కనే నిలబడేవారు.

ఆవిడకి సరిజోడు కళ్యాణ్. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతూ, సాయంత్రం బస్సు దిగితే నేరుగా అక్కడికే వచ్చేవాడు.

కొత్తగా వచ్చిన రేసు గేము వాళ్ళ కంప్యూటర్లో ఆగి ఆగి కదిలేది. "తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు మంచిది వేయించండి ఆంటీ, దూసుకుపోతుంది" అన్నాడు కళ్యాణ్. ఆవిడ బెజవాడ వెళ్ళి కొనుక్కొచ్చారు. రోడ్డు మీద నీడలు కూడా కనిపించాయి గానీ, ఆగడం మాత్రం ఆగలేదు. కోపంగా కార్డు పట్టుకుని మళ్ళీ బెజవాడ వెళ్ళి, షాపాయన శోభనాద్రిని గట్టిగానే అడిగారు. ఆయన దాన్ని తన కంప్యూటర్లో పెట్టి అదే గేము ఆడించాడు. నీళ్ళలా సాగిపోయింది.

మర్నాడు సాయంత్రం కార్డు మళ్ళీ బిగించి, ఆవిడా కళ్యాణూ కూర్చున్నారు. కార్డుకి పని తగ్గుతుందని కళ్యాణ్ బొమ్మ సైజు తగ్గించాడు. తేడా రాలేదు.

"మిగతా కార్లు తీసెయ్యి. నేనొక్కదాన్నే వెళ్తాను" అన్నారావిడ.

గేము హాయిగా నడిచింది.

కళ్యాణ్ నాలుక కరుచుకున్నాడు. "ఆగుతున్నది ప్రాసెసర్ దగ్గర, ఆంటీ. ఏ కారు ఎటు తిరగాలో, ఏది దేన్ని గుద్దిందో అదే తేల్చాలి. అది తేల్చాకే కార్డు బొమ్మ గీస్తుంది. నేను కార్డు ఒక్కటే ఆలోచించాను."

ఆవిడ నవ్వేశారు. "నేను డిక్టేషన్ మెల్లగా చెప్తే, ఎంత స్పీడున్న పిల్లయినా వేళ్ళు ఎత్తి కూర్చునేది. అంతేగా?"

"అంతే ఆంటీ."

"పాపం, ఆ షాపాయన్ని ఊరికే కేకలేశాను" అంటూ ఫోన్ చేసి క్షమాపణ చెప్పారు. ఆ కంప్యూటర్‌కే సరిపోయే స్పీడు ప్రాసెసర్ ఆయనే వెతికి బస్సులో పంపించాడు.

అది బిగించాక కార్లన్నీ ఒక్కసారిగా కదిలాయి. మొదటి మలుపులోనే ఆవిడ గోడని గుద్దారు. ఆవిడ తర్వాత కూర్చున్న కళ్యాణూ గుద్దాడు. ఆగి ఆగి కదిలే గేముకి అలవాటుపడిన చేతులాయె. యాకోబు గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

దసరా సెలవుల్లో కాలేజీ పిల్లలకి పోటీ పెడితే, ఆవిడే అందరికంటే ముందు పేరిచ్చారు. మూడో స్థానం వచ్చింది. కళ్యాణ్‌ది నాలుగోది.