మిరపచేను మైకులోంచి వచ్చిన గొంతు

గురజాల దగ్గర మా ఊళ్ళో దీన్ని అప్పుడే అమ్మవారి మహిమ చేసేశారు. ఇంకొన్నాళ్ళకు అసలు జరిగిందేమిటో ఎవరికీ గుర్తుండదు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాసిపెడుతున్నాను. నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. చదువు పదో తరగతితో ఆగినా, గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివినవాణ్ణి. జంతువుల పుస్తకమైతే మూడుసార్లు తెచ్చుకున్నాను.

రోజూ తెల్లవారాక కాలువకట్ట మీద పరుగెత్తుతాను. కనిపించిన పిట్టనూ జంతువునూ ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకుంటాను.

దారిలో చెంచయ్య బాబాయి మిరపచేను ఉంది. అడవిపందులు రాకుండా అక్కడ మైకు కట్టాడు. అందులో రికార్డు చేసిన కేక ఆయన భార్య రమణమ్మ పిన్నిది. “హోయ్, పోండి, పోండి!” అదే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది.

“నా అరుపుకి కోడి గూడా కదల్దురా. మీ పిన్ని అరిస్తే నేనే లేచి ఉరుకుతా” అనేవాడు బాబాయి.

కిందటి చలికాలం ఒక ఉదయం, ఆ చేను పక్క పొలం అంచున గుంటనక్క కనిపించింది. పుస్తకంలో తప్ప ఎప్పుడూ చూడలేదు. తోక చివర నలుపు. పడుకుని, తలెత్తి నావైపే చూస్తోంది. ఎంత దగ్గరికొచ్చినా కదల్లేదు. దగ్గర్లో పిల్లలుండి ఉంటాయి, అందుకే పారిపోవడం లేదనుకున్నాను. చదివింది అలాగే మరి. ఫోను తీసి కట్ట దిగాను.

“ఒరేయ్, ఆగు! అడుగెయ్యమాక!”

మైకులోంచే. రమణమ్మ పిన్ని గొంతే. టక్కున ఆగి వెనక్కి చూశాను. చేలో ఎవరూ లేరు. ముందుకు తిరిగితే, నా కాలికి జానెడు దూరంలో సన్నటి ఇనుపతీగ. నక్క తల దానికి ఆనుకుని ఉండిపోయింది. కళ్ళ నిండా చీమలు.

పందుల కోసం ఎవరో తీగకు కరెంటు పెట్టారు.

అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తెలియదు. లైన్‌మన్ అంకయ్యకు ఫోన్ చేశాను. అతను కరెంటు తీయించి వచ్చేదాకా, నిలబడ్డచోటే ఉండిపోయాను. మైకు మళ్ళీ పలకలేదు.

అక్కణ్ణుంచి నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళి, చేలోంచి తను కేకేసి ఆపబట్టే బతికానని దణ్ణం పెట్టాను.

“ఏందిరా ఇది? నేను చేలోకి ఎప్పుడొచ్చా? ఇప్పుడేగా లేచింది” అంది.

బాబాయి వసారాలోకి వేలు చూపించాడు. మైకు బ్యాటరీ అక్కడ చార్జింగులో ఉంది. ముందురోజు సాయంత్రమే విప్పి తెచ్చాడట.

మెకానిక్ మస్తాన్ మైకు పెట్టె ఊడదీశాడు. “కార్డులో ఆ పోండి పోండి తప్ప ఇంకేం లేదన్నా. అయినా బ్యాటరీ లేకుండా ఎట్టా మోగుద్ది?” అన్నాడు.

భయంలో ఉన్నప్పుడు, లేని శబ్దాలను మెదడే వినిపిస్తుందని చదివాను. కానీ ఆ గొంతు వినపడేసరికి నాకింకా భయం పుట్టలేదు. తీగ నా కంట పడనేలేదు.

వెంటనే కదిలివచ్చిన అంకయ్యకు, పెట్టె ఊడదీసి చూసిన మస్తాన్‌కు, బ్యాటరీ సంగతి చెప్పిన చెంచయ్య బాబాయికి కృతజ్ఞతలు. పిన్ని పేరు కూడా రాస్తానంటే ఆమె చేతులు అడ్డం పెట్టింది.

“నాకెందుకురా? అరిచింది నేను కాదుగా. నేను ఇంట్లో ఉంటే, నా గొంతుతో చేలో అరిచిందెవరా అని నాకు నిద్ర పట్టట్లా.”

అయినా రాస్తున్నాను. రమణమ్మ పిన్నికి కూడా.