శుక్రవారం సమాజానికి మంగళం

స్ఫాక్స్ పట్నం పాత ఊళ్లో, ఆలివ్ నూనె కొట్టు మీది గదిలో శుక్రవారం శుక్రవారం చేరే రచయితల సమాజంలో మనూబియా ఒక్కతే ఆడమనిషి. ఆసుపత్రిలో పురుళ్లు పోసీ పోసీ రిటైరయింది. మొగుడు పోయి ఇల్లు బోసిపోయాక, నొప్పులు పడుతూ ఆడవాళ్లు అన్న మాటలను కథలుగా రాయసాగింది. వాటిని వినిపించడానికి ఊళ్లో ఇంకో చోటు లేక ఆ మెట్లెక్కింది.

అక్కడ వినే చెవి ఎవరికుంది గనక! అధ్యక్షుడు లమ్జెద్ పూర్వం దస్తావేజులు రాసిన నోటరీ. ఆయన పద్యాల్లో ప్రేయసి కూడా 'సదరు ప్రేయసి'లాగే ఉండేది. ఆ పద్యాలకు కార్యదర్శి హెదీ ఆహా అనేవాడు. మరుసటి వారం హెదీ నవలకు లమ్జెద్ ఓహో అనేవాడు. ఒంటెల పెళ్లికి గాడిదల మేళం. మనూబియా కథ సగానికి వచ్చేసరికి, "భేష్ లెల్లా! కాస్త టీ పెడతారా?" అనేవాళ్లు. లెల్లా అంటే అమ్మగారూ అని. పెట్టేది.

కొత్తవాళ్లు ఒకసారి వస్తే మళ్లీ ఆ వీధి మొహం చూసేవారు కాదు. చివరికి కుర్చీలే మిగిలాయి. సమాజాన్ని మూసేయడానికి ఆ ముగ్గురే ఆఖరిసారి కూడారు.

"ఈ కాలం కుర్రాళ్లకి సాహిత్యం గిట్టదు," అని నిట్టూర్చి లమ్జెద్ తీర్మానం చదివాడు. "విషాదంతో ముగిస్తున్నాం."

"విషాదమేంటి లమ్జెద్ గారూ, మనమేమైనా ఓడిపోయామా? 'సగర్వంగా' అనండి," అన్నాడు హెదీ.

"సగర్వంగా మూసేదాన్ని అసలు మూయడమెందుకయ్యా?"

"అంటే నా హయాంలో గర్వపడే పనే జరగలేదంటారా?"

"నీ హయామా! అధ్యక్షుణ్ణి నేను కదా!"

మధ్యాహ్నం నమాజు తర్వాత మొదలైన రభస, సాయంత్రం నమాజు పిలుపు వినిపించినా తెగలేదు. లమ్జెద్ బల్ల గుద్ది ఇటు తిరిగాడు. "లెల్లా, తల పగిలిపోతోంది. టీ పెట్టండి."

మనూబియా లేచి తలుపు వైపు నడిచింది.

"ఇంతసేపట్లో నేను కవలల కాన్పు చేసేదాన్ని. మీకు ఒక్క వాక్యం బయటపడలేదు," అంది.

"మర్యాద లెల్లా, మర్యాద!" అని హెదీ ఎగిరిపడ్డాడు.

"నీ బొడ్డు కోసింది నేనేరా. అప్పుడూ ఇలాగే ఊరికే అరిచావు."

మెట్లు దిగుతుంటే ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. ఇన్నేళ్ల శుక్రవారాలు ఈ మనుషులకా ధారపోశానని తన మీదే ఒళ్లు మండింది.

తీర్మానం కుదరనే లేదు. పత్రికలో రెండు ప్రకటనలు వేయిద్దామనుకున్నారు, ఒకటి విషాదంతో, ఒకటి సగర్వంగా. మనూబియా సంతకం కోసం ఇద్దరూ ఫోన్లు చేశారు.

"మీరెవరి పక్షం లెల్లా?" అని అడిగాడు లమ్జెద్.

"పొయ్యి మీద కుస్కుస్ ఉడుకుతోంది. నేను దాని పక్షం," అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు శుక్రవారాలు చెల్లెలు వసీలా ఇంటి వాకిట్లో గడుస్తున్నాయి. ఆడవాళ్లు బాదం కాయలు కొడుతూ మనూబియా కథలు వింటారు. మొన్న వసీలా మధ్యలోనే అడ్డుపడింది. "అబద్ధం అక్కా! నొప్పుల్లో ఉన్న పిల్ల అంత చక్కగా మాట్లాడుతుందా?"

మనూబియాకు చురుక్కుమంది. ఇంటికెళ్లి చాలాసేపు గింజుకుని, ఆ పిల్ల నోట పెట్టిన వాక్యం కొట్టేసింది.